వందనార్పణ ఆదినారాయణప్ప

మండికల్‌లో ఆదినారాయణప్ప ఇల్లెక్కడని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు. ఆ పేరు గలవాళ్ళు మా ఊళ్ళో చాలామందే ఉన్నారు. వందనార్పణ ఆదినారాయణప్ప ఇల్లని అడగండి, పసిపిల్లలు కూడా చెయ్యి పట్టుకుని తీసుకెళ్తారు. సభ చివర్లో వచ్చినవాళ్ళకూ, మైకు పెట్టినవాడికీ, షామియానా వేసినవాడికీ కృతజ్ఞతలు చెప్పే పనిని మా వైపు వందనార్పణ అంటారు. ఆ పని ఉపాధ్యక్షుడిది. మా ఆదినారాయణప్ప పుట్టు ఉపాధ్యక్షుడు.

బళ్ళో చదివేటప్పుడు రామచంద్రప్ప లీడరు, ఈయన వైస్ లీడరు. పెద్దయ్యాక పాల డెయిరీలో ఉపాధ్యక్షుడు, భజన మండలిలో ఉపాధ్యక్షుడు. బడి అభివృద్ధి సమితిలో అసలు ఆ పదవే లేకపోతే, ఈయన కోసమని కొత్తగా పుట్టించారు. మంచివాడు, పిలిస్తే పలుకుతాడు, ఎవరితోనూ పోట్లాడడు. అట్లాంటివాణ్ణి అధ్యక్షుణ్ణి చేయాలని ఎవరికి తోస్తుంది చెప్పండి!

వందనార్పణతో వచ్చిన చిక్కల్లా చిత్రాన్నం. మా ఊళ్ళో ఏ సభ జరిగినా చివర చిత్రాన్నం ఉంటుంది. అధ్యక్షుడి ఉపన్యాసం ముగుస్తూనే పోపు వాసన వస్తుంది, జనమంతా లేస్తారు. ఆదినారాయణప్ప మైకు ముందుకొచ్చి గొంతు సవరించుకునే సరికి ఎదురుగా ఖాళీ కుర్చీలు. ఇన్నేళ్ళూ ఆయన ఆ కుర్చీలకే కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. పక్కింటివాణ్ణి కాబట్టి నాకు బాగా తెలుసు. లేచి పరుగెత్తేవాళ్ళలో నేనూ ముందు వరసే.

"లక్ష్మణప్పా, నాకు పెద్ద ఆశేం లేదప్పా," అన్నాడొకసారి నాతో. "జనం కుర్చీల్లో ఉండంగా ఒగే ఒగసారి మాట్లాడల్ల. అధ్యక్షుడైతేనే అది అయ్యేది."

మా ఊళ్ళో పరిసర సంరక్షణ సమితి అని ఒకటుంది. పరిసరమంటే మా వైపు పర్యావరణం. చెరువు వెనక నీలగిరి తోపు ఊరి నీళ్ళన్నీ తాగేస్తున్నదనీ, దాన్ని కొట్టేసి వేరే చెట్లు పెట్టాలనీ దాని పోరాటం. పెట్టింది శ్రీనివాసమూర్తి మేష్టరు. రిటైరైన మనిషి. మొక్కలు నాటే రోజున రమ్మని ఊరంతా తిరిగి పిలిస్తే ఆయనా, ఆదినారాయణప్పా, నేనూ, ఒక కుక్కా కనబడేవాళ్ళం.

అంతలో మా తాలూకా చిక్కబళ్ళాపురం జిల్లా అయింది. కొత్త జిల్లా, కొత్త కలెక్టరు కచేరి. ఎక్కడెక్కడి సంఘాలవాళ్ళూ దండలు వేసుకుని అక్కడికి పోయి మనవి పత్రాలు ఇవ్వడం, ఆ ఫొటో మర్నాడు పేపర్లో రావడం మొదలైంది. ఫొటోలో మనవి పట్టుకునేది అధ్యక్షుడు. సరిగ్గా ఆ సమయంలోనే మేష్టరు, మోకాళ్ళ నొప్పులు, ఇక నావల్ల కాదు, ఎవరైనా అధ్యక్షులు కండి అన్నాడు. ఆ సాయంత్రానికల్లా ఊరంతటికీ పరిసరం మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

ఆ ప్రేమను ఏమని చెప్పను! బస్‌స్టాండులో ప్లాస్టిక్ కవర్లు ఏరడానికి తోపులాట. నాలుగు రోజుల్లో ఊళ్ళో కవర్లు అయిపోయాయి. మా పాత లీడరు రామచంద్రప్ప ఏం చేశాడనుకున్నారు? సంత నుంచి ట్రాక్టరు నిండా కవర్లు తెప్పించి, బస్‌స్టాండులో పోయించి, అందరూ చూస్తుండగా వంగి వంగి ఏరాడు. సగం ఏరేసరికి నడుం పట్టేసింది, మిగతా సగం గాలికి పొలాల్లోకి పోయింది.

మేష్టరు ఒళ్ళు మండి సభ పిలిచాడు.

"ఓట్లు పెడితే మీరు తలకాయలు పగలగొట్టుకుంటారు," అన్నాడు. "వచ్చే పరిసర దినానికి ఎవురింటి ముందర వాళ్ళు చెట్టు నాటండి. ఒగ ఏడు పెంచండి. మళ్ళా పరిసర దినానికి ఎవురు నాటింది అందరికన్నా ఎత్తుగా బతికుంటాదో వాళ్ళే అధ్యక్షులు. మొగోళ్ళు గానీ, ఆడోళ్ళు గానీ. ఆ తర్వాత నా దగ్గరికి ఎవురూ రాకూడదు."

అందరికీ కానుగ మొక్కలు పంచారు. ఆదినారాయణప్ప తన మొక్కను రోడ్డువార గుంత తీసి నాటి, పసుపు కుంకుమ పెట్టి, దణ్ణం పెట్టుకున్నాడు. ఆయన కళ్ళల్లో తడి చూసి నాకే జాలేసింది.

ఆ వారంలోనే మా అమ్మాయి భాను పెళ్ళి. మా వైపు పెళ్ళి పందిట్లో పాలు కారే చెట్టు కొమ్మ ఒకటి నాటాలి. పాలకొమ్మ అంటాం. జువ్వి కొమ్మ దొరికింది, మనిషిని మించిన ఎత్తు. పెళ్ళయ్యాక పందిరి విప్పేశాం గానీ పాలకొమ్మను పొయ్యిలో పెట్టకూడదు. మా ఆవిడ యశోదమ్మ దాన్ని గోడవారగా ఆనించి ఊరుకుంది. ఆదినారాయణప్ప భార్య సుబ్బలక్ష్మమ్మ చూసింది.

"యశోదమ్మా, ఆ కొమ్మ ఊరికేనే పడుండాది కదా, నాకియ్యి. దూడను కట్టేదానికి గుంజ లేదు," అంది.

తీసుకెళ్ళి, తానే గడ్డపారతో గుంత తవ్వి, ఇంటి ముందు పాతి, దానికి దూడను కట్టేసింది. ఇంటి ముందు అంటే ఎక్కడ? సరిగ్గా కానుగ మొక్క పక్కన. ఆదినారాయణప్ప ఆ పూట నీలగిరికి వ్యతిరేకంగా ప్రచారం చేయడానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి మొక్క లేదు. దూడ నెమరు వేస్తోంది.

"నా అధ్యక్ష పదవిని తినేసిందే నీ దూడ!" అని ఆయన పెట్టిన కేక మా వంటింట్లోకి వినబడింది. జీవితంలో ఆయన గొంతెత్తడం అదే మొదటిసారి.

"ఆకులు తినిందిలే, పదవి తినలేదు," అంది సుబ్బలక్ష్మమ్మ. "మూతి ముందర చిగురు పెట్టుకోని దూడ ఏం చేస్తాది, చదువుకుంటాదా?"

ఆయన కొన్నాళ్ళు అన్నం సరిగ్గా తినలేదు. నా కానుగ కూడా అప్పటికే మేకల పాలైంది గానీ నేను బాగానే తిన్నాను. నాకు ఆశ లేదు కదా.

తర్వాత వానలు పడ్డాయి. ఒకరోజు పొద్దున ఆదినారాయణప్ప వేపపుల్ల నోట్లో పెట్టుకుని గుంజ వైపు చూసి, అట్లాగే నిలబడిపోయాడు. గుంజ తలమీద ఎర్రటి చిగురు. అవును మరి, రోజూ దూడ పేడ, మూత్రం, సుబ్బలక్ష్మమ్మ పారబోసే కడుగునీళ్ళు. ఎండిన కట్టెకైనా బతకాలనిపిస్తుంది.

ఆ రోజు నుంచీ గుంజకు రాజభోగం మొదలైంది. ఆయన దాని చుట్టూ పాదు చేశాడు, తడిక కట్టాడు. అన్నిటికన్నా ముందు దూడను అక్కడినుంచి విప్పేశాడు.

"ఇంగ దీన్ని ఇక్కడ కట్టొద్దు. నా చెట్టుకు నొప్పి అయితాది," అన్నాడు.

"నీ చెట్టా? నా గుంజ అది!" అంది సుబ్బలక్ష్మమ్మ.

"నిన్నటిదాకా గుంజ. ఈ పొద్దు నా చెట్టు."

ఆ మాట ఆమె మనసులో పెట్టుకుంది. దూడను వసారా స్తంభానికి కట్టాల్సి వచ్చింది. అది తాడు తెంపుకుని వంటింట్లోకి పోయి రాగిపిండి మెక్కిన ప్రతిసారీ ఆమె గుంజ వైపు ఒక చూపు చూసేది. ఆయన మాత్రం ఆ దూడ ముందే నిలబడి, అధ్యక్షుడయ్యాక చెప్పబోయే ఉపన్యాసం వల్లెవేసేవాడు. "సభికులారా" అని మొదలుపెట్టి చివరిదాకా చెప్పేవాడు. కట్టేసిన దూడ కాబట్టి అది లేచి పోలేకపోయేది. ఆయన మాటలు చివరిదాకా విన్న మొదటి ప్రాణి అదే.

ఏడాది తిరిగి పరిసర దినం వచ్చింది. మేష్టరు పొడుగాటి వెదురు బొంగు పట్టుకుని కొలతకు బయల్దేరాడు, వెనక ఊరంతా. చాలా ఇళ్ళముందు ఎండుపుల్లలే ఉన్నాయి. రామచంద్రప్ప ఇంటి ముందు మాత్రం ఏదో ఎత్తుగా పాత చీర చుట్టుకుని నిలబడి ఉంది.

"దిష్టి తగలకుండా చుట్టినాను," అన్నాడు రామచంద్రప్ప.

చీర విప్పకముందే జలుబు మందు వాసన గుప్పుమంది. మేష్టరు చీర లాగేశాడు. నీలగిరి! కానుగ చచ్చిపోతే, తొందరగా పెరుగుతుందని తెచ్చి నాటాడట.

"నీలగిరిని తీసేయమని అడిగే సమితికి నీలగిరి పెట్టి అధ్యక్షుడివి కావాలనుకుంటివా?" అన్నాడు మేష్టరు.

"చెట్టు చెట్టే కదా మేష్టరే, ఎత్తు చూడండి," అన్నాడు రామచంద్రప్ప, ఏమాత్రం సిగ్గుపడకుండా.

అందరూ నవ్వుతూ ఆదినారాయణప్ప ఇంటికొచ్చారు. ఆయన తెల్ల పంచె కట్టి, మా భాను పెళ్ళిలో పెట్టిన శాలువ కప్పుకుని, తడిక పక్కన పెళ్ళికొడుకులా నిలబడ్డాడు. జువ్వి గొడుగులా విచ్చుకుని ఉంది. మేష్టరు బొంగు దాని పక్కన నిలబెడితే బొంగే పొట్టిదైంది.

"అది చెట్టెట్ల అయితాది? గుంజ!" అని అరిచాడు రామచంద్రప్ప. "పాతిన పొద్దే అంత ఎత్తు ఉండె!"

మేష్టరు ఒక ఆకు తుంచాడు. తొడిమ నుంచి పాలచుక్క కారింది.

"గుంజలు పాలిస్తాయా?" అన్నాడు.

మా ఊరు పాల డెయిరీ మీద బతికే ఊరు. పాలిచ్చేదాన్ని కాదనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

"అయితే ఇది నాటింది..." అంటూ మేష్టరు ఆదినారాయణప్ప వైపు తిరిగాడు. ఆయన శాలువ సర్దుకున్నాడు.

"నేను!" అంది సుబ్బలక్ష్మమ్మ గడపలోంచి. "ఆయప్ప నాటింది దూడ తినేసింది. ఇది నేను గడ్డపారతో తవ్వి పాతిన గుంజ. యశోదమ్మను అడగండి."

అందరూ మా ఆవిడను చూశారు. యశోదమ్మ తల ఊపింది. ఆదినారాయణప్ప శాలువ తీసి మడత పెట్టాడు. ఆయనకు అబద్ధం ఆడటం రాదు. ఆ క్షణంలో ఆయన ముఖం చూడలేక నేను జువ్వి ఆకులు చూస్తూ నిలబడ్డాను.

సుబ్బలక్ష్మమ్మ అధ్యక్షురాలైంది. మరి ఉపాధ్యక్షులెవరు అని మేష్టరు అడిగే పనే లేకపోయింది. ఊరంతా ఒక్కసారే ఆదినారాయణప్ప వైపు తిరిగింది.

ఆదివారం బడి ఆవరణలో సభ. నీలగిరి తోపు తీసేయమని మనవి చదివి, అందరి సంతకాలు తీసుకుని జిల్లా కచేరికి తీసుకుపోవాలి. మా వైపు పంచాయతీల్లో భార్య గెలిస్తే ఆ కుర్చీలో భర్త కూర్చోవడం అలవాటే కదా. ఆదినారాయణప్ప కూడా ఆ ధైర్యంతోనే వేదిక మీద నడిమి కుర్చీలో కూర్చున్నాడు.

"లెయ్," అంది సుబ్బలక్ష్మమ్మ. "నీది ఆ పక్కది."

లేచి పక్క కుర్చీలోకి మారాడు. ఆ కుర్చీ ఆయనకు అలవాటైనదే.

అధ్యక్షురాలి ఉపన్యాసం నాలుగు ముక్కలు. "నీలగిరి మన నీళ్ళు తాగుతాండాది. తీసేయమని రాసినాము. సంతకం పెట్టండి. పెట్టనోళ్ళు ఎవురో నేను చూస్తాంటాను." అంతే. అప్పుడే పోపు వాసన వచ్చింది. నాతో సహా అందరం లేవబోయాం.

"యాడికి?" అంది మైకులో. "చిత్రాన్నం ఆ గదిలో ఉండాది. తాళం వేసినాను. తాళంచెవి నా రొండిన ఉండాది. వందనార్పణ అయినంక తెరుస్తాను. కూచోండి."

కూర్చున్నాం.

ఆదినారాయణప్ప మైకు ముందుకొచ్చాడు. గొంతు సవరించుకుని తల ఎత్తాడు. ఎదురుగా ఖాళీ కుర్చీలు లేవు, మనుషులున్నారు. మైకు పట్టుకుని ఒక్కొక్క ముఖమే చూస్తూ ఉండిపోయాడు. ఎంతసేపని అట్లా నిలబడతాడు? వెనకనుంచి ఎవరో "సభికులారా" అని అందించారు. దాంతో కదిలాడు. మైకువాడికి చెప్పాడు, షామియానావాడికి చెప్పాడు. పాలకొమ్మ ఇచ్చినందుకు మా ఆవిడకు చెప్పాడు. ఏడాదంతా కూర్చుని విన్నందుకు దూడకు కూడా చెప్పాడు. జనం కడుపుబ్బ నవ్వారు. నవ్వేకొద్దీ ఆయనకు ఊపొచ్చింది. ఇన్నేళ్ళుగా ఖాళీ కుర్చీలకు చెప్పిన కృతజ్ఞతలన్నీ మళ్ళీ మనుషులకు చెప్పుకున్నాడు. చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. చిత్రాన్నం చల్లారిపోయింది. మాకు ఆకలైంది, నిజమే. అయినా నాకు ఆ పూట ఆయన్ని చూస్తే ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

భోజనాల దగ్గర ఆయన నా పక్కన కూర్చున్నాడు. సుబ్బలక్ష్మమ్మ వడ్డిస్తూ వచ్చింది.

"ఏమే," అన్నాడు మెల్లిగా, "కండ్లల్లో నీళ్ళు వచ్చి సరిగ్గా కనపడలేదు. కుర్చీలు యావన్నా ఖాళీ అయినాయా?"

ఆమె ఆయన ఆకులో ఇంకో గరిటె చిత్రాన్నం వేసింది.

"ఒగటే అయింది. నాది," అంది. "నేను ఆ గది తలుపు కాడ నిలబడుకోని ఉంటి."