ఎర్ర బాణం ఇంకా ఒప్పుకోలేదు

మా సార్ హిందూపురం ఆసుపత్రిలో పోయారని సుజాత ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఆమె చదివి, ఫోన్ నా చేతిలో పెట్టింది. నాకు చదవడం నెమ్మది. నేను ముగించేలోపే స్క్రీన్ లైటు ఆరిపోయింది.

సార్ ఎవరో మీకు తెలియదు, చెప్తాను. ధర్మవరంలో మా మగ్గాల వీధి చివర ఒక గది ఉంది. నాలాగా బడి మానేసి మగ్గం పనికి పోయే పిల్లల కోసం సార్ అక్కడ సాయంత్రం క్లాసు పెట్టారు. పెనుకొండ నుంచి రైల్లో వచ్చేవారు. రాగానే కర్చీఫ్‌తో మౌసులు తుడిచేవారు. కంప్యూటరు ఒకటే, మౌసులు ఐదు. సుజాతకు, నాకు, ఇంకో ఇద్దరు అబ్బాయిలకు తలా ఒకటి, సార్‌కు ఒకటి. తెర మీద ఐదు రంగుల బాణాలు. ఐదూ ఒకే జవాబు మీదికి చేరితేనే తర్వాతి పేజీ తెరుచుకుంటుంది.

సార్‌ది ఎర్ర బాణం. అది ఎప్పుడూ తప్పు జవాబు మీదే కూర్చునేది.

"నేను మొద్దునప్పా. నన్ను ఒప్పించండి," అనేవారు.

"మీరు కావాలనే చేస్తాండారు సార్!" అని సుజాత పోట్లాడేది.

"ముందు మీలో మీకే కుదర్లేదు గదమ్మా. ఆ నీలం బాణం యాడికి పోతాందో అడుగు."

నీలం బాణం నాది. నలుగురిలో నాకు నోరు లేవదు. నా బాణం కదిలేదాకా అందరూ ఆగేవాళ్లు. ఇంట్లో గానీ మగ్గం దగ్గర గానీ నా జవాబు కోసం ఎవరూ అలా ఆగలేదు.

చివరిసారి ప్రశ్న, పావు పెద్దదా, ఐదో వంతు పెద్దదా అని. మేమంతా పావు మీద, సార్ ఐదో వంతు మీద.

"నాలుగు కన్నా ఐదు పెద్దది గదప్పా?" అన్నారు. సుజాత నోరు తెరవబోతే ఆపారు. "నువ్వు కాదు. ఈరోజు ఈ పిల్లోడు చెప్పల్ల."

నేను తల వంచుకున్నాను. రైలు టైమయింది. "రేపు చెబుదువులే," అని నవ్వి వెళ్లారు.

సార్ చనిపోయిన కబురు వచ్చాక, గది తాళాలు చూసుకునే అక్క వచ్చింది. "సార్ లేకుండా మీరేం చేస్తారప్పా? రేపు కంప్యూటరు తిరిగి ఇచ్చేస్తాను."

"మేమే చదువుకుంటాం అక్కా. ఈ ఒక్క పాఠం చూసి చెప్పు," అంది సుజాత.

ఆన్ చేస్తే, ఎక్కడ ఆపామో అక్కడే తెరుచుకుంది. ఎర్ర బాణం ఐదో వంతు మీదే ఉంది. సన్నగా వణుకుతోంది.

"పక్కింటి మగ్గం అదురుకు లేబ్బా," అన్నాడు మాలో ఒకడు.

"ఈరోజు మగ్గాలు ఆపేసినారు గదరా," అన్నాడు రెండోవాడు.

మొదటివాడు సార్ మౌస్ వైపు చేయి చాపి, వెనక్కి తీసుకున్నాడు. "నువ్వు జరుపు," అన్నాడు సుజాతతో.

"నేను జరపను. ఒప్పించకుండా జరిపితే సార్ ఊరుకోరు," అంది సుజాత.

అందరూ నన్నే చూశారు. నేను ఖాళీ కుర్చీని చూశాను.

"సార్... సంగటి ముద్ద ఒకటే ఉండాది. ఐదుగురం తింటే తక్కువ వస్తాది. ఒకరు లేకుంటే..." నా మౌస్ తీగను వేలికి చుట్టుకున్నాను. "ఒకరు లేకుంటే నలుగురికీ ఎక్కువ వస్తాది. పావే పెద్దది సార్."

మౌస్ మీద చేయి పెట్టాను. ఇప్పుడే ఎవరో చేయి తీసినట్టు వెచ్చగా ఉంది. జరిపాను. ఐదు బాణాలూ కలిశాయి. పేజీ మారింది.

"రేపు కూడా గది తీస్తాలేప్పా," అంది అక్క, గుమ్మం దగ్గర నుంచే.

తెర మీద కొత్త ప్రశ్న. నేను చేయి తీసేశాను. ఆ మౌస్‌ను ఎవరూ ముట్టుకోలేదు. ఎర్ర బాణం మెల్లగా, తొందరేమీ లేనట్టు, తప్పు జవాబు మీదికి పోయి కూర్చుంది.