బతికుండగా అడిగిన ఆదరణ కూడిక

1986లో, మిరప కోతలు మొదలైన రోజుల్లో, గుంటూరులో నేను పనిచేసే ఆసుపత్రి మానసిక వైద్య విభాగం నన్ను ఒక పరిశోధనకు కేటాయించింది. నా హోదా సైకియాట్రిక్ సోషల్ వర్కర్. డాక్టరు రోగిని చూస్తాడు; రోగి ఇంటిని చూసి రావడం మా పని. డిమెన్షియా రోగులను, అంటే ముసలితనంలో మతి నశించినవాళ్ళను, ఇంట్లో పెట్టుకుని చూసుకుంటున్నవారి దుఃఖాన్ని కొలవాలని ప్రొఫెసర్ గారి ఆలోచన. ప్రశ్నలు ఇంగ్లీషులో వచ్చాయి. తెలుగు చేసింది నేను. అన్నీ మరణం జరిగాక అడగవలసినవే. రోగి బతికుండగా ఇంటివాళ్ళు పడేదాన్ని మా విభాగంలో 'భారం' అనేవారు. దుఃఖం అన్న మాట చావు తరువాతే వాడాలి.

నాకు వచ్చిన ఇళ్ళలో ఒకటి మార్టూరు వైపు పల్లెలో సువార్తమ్మ గారిది. ఆమె భర్త దేవదానం గారు మిషను బడిలో హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. చాలాకాలం చర్చి సంఘపెద్దగా కూడా ఉన్నారు. నేను వెళ్ళేనాటికి ఆయనకు భార్య గుర్తులేదు. ఎవరో అన్నం పెట్టే ఆవిడ అనుకుని మర్యాదగా "అమ్మా" అని పిలిచేవారు. ఆమె కాస్త ఏమరితే మిరపకాయలు ఆరబోసిన కళ్ళాల్లోకి నడిచిపోయి, కాయలు ముట్టిన చేతులతోనే కళ్ళు నులుముకునేవారు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వంతులవారీగా వచ్చి కూర్చుంటే ఆమెకు కొంచెం ఊపిరి ఆడేది.

ఒకరోజు ఆమె నన్ను ఒక సాయం అడిగారు. వాళ్ళ సంఘంలో ఎవరైనా చనిపోతే, భూస్థాపన తరువాత ఆదరణ కూడిక జరుపుతారు. అందరూ ఆ ఇంటికి వచ్చి, పాటలు పాడి, బైబిలు వాక్యం చదివి, మిగిలినవారి పక్కన కూర్చుంటారు. అది తనకు ఇప్పుడే కావాలన్నారు.

"నా మనిషి ఎప్పుడో పోయాడు సార్. రేపు ఈ ఒళ్ళు పోయినప్పుడు వచ్చి ఏం ఓదారుస్తారు? మీరు ఆసుపత్రి మనిషి, మీరు చెబితే వింటారు."

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారిని కలిశాం. అప్పటి సంఘపెద్ద ఇస్సాకు గారు కూడా ఉన్నారు. ఈ జబ్బు వెనక్కి తిరగదని, పోయిన జ్ఞాపకం రాదని నాకు చేతనైనంత తేలికగా చెప్పాను.

"డాక్టర్లకి తగ్గదేమో సార్, దేవుడికి కూడా తగ్గదా?" అన్నారు ఇస్సాకు గారు. ఆమె వైపు తిరిగి, "ఏం సువార్తమ్మా, మాస్టారు మూడు పూటలా తింటా దిట్టంగా ఉన్నాడు. బతికున్న మొగుడికి ఆదరణ కూడిక అంటే నలుగురూ నోటితో నవ్వుతారా?" అన్నారు.

ప్రతి ఆదివారం మాస్టారి స్వస్థత కోసం వాళ్ళు ప్రార్థిస్తున్నారు. ఆమె కోరింది ఒప్పుకుంటే ఆ ప్రార్థన ఓడిందని ఒప్పుకున్నట్టే. చివరికి పాస్టరు గారు ఇంటి దగ్గర స్వస్థత కూడిక పెడతానన్నారు.

"ఏ పేరు పెడితేనేం సార్, మనుషులు వస్తారుగా" అన్నారామె బయటికొచ్చాక.

వచ్చారు. కోత ముగించుకుని, కాళ్ళూ చేతులూ కడుక్కుని సాయంత్రానికి చాపల మీద కూర్చున్నారు. బట్టల్లోని ఘాటుకు పాట మధ్యలో దగ్గుతున్నారు. పాస్టరు గారు మాస్టారి తల మీద చేతులుంచి ప్రార్థించారు. ప్రార్థన అయ్యాక మాస్టారు చాపలను, జనాన్ని చూశారు. అలాంటి కూడికలు ఆయన ఎన్నో నడిపినవారు. పక్కనున్న భార్యను మెల్లగా అడిగారు:

"ఎవరు పోయారమ్మా? మీ ఆయనా?"

"అవునండి" అన్నారామె.

ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

"అయ్యో తల్లీ. ఏడువమ్మా, కరువుదీరా ఏడువు. ఎవరన్నా వద్దంటే నాతో చెప్పు."

ఆమె కొంగు ముఖానికి కప్పుకుని పెద్దగా ఏడ్చారు. గోడవారగా కూర్చున్న నాకు ఆ మాటలు వినబడ్డాయి. ఎదురుగా ఉన్నవారికి, మాస్టారు భార్య తల నిమరడం మాత్రమే కనబడింది.

ఇస్సాకు గారు లేచి నిలబడ్డారు. "చూడండయ్యా, మాస్టారికి భార్య గుర్తొచ్చింది! ఓదారుస్తున్నాడు!" అన్నారు. జనం చప్పట్లు కొడుతూ స్తోత్ర గీతం ఎత్తుకున్నారు. ఆమె ఏడుపు ఆ పాటలో కలిసిపోయింది. నేను పాస్టరు గారికి జరిగింది చెప్పాను. "ఆమె విశ్వాసం మీద నీళ్ళు పోయకండి" అన్నారాయన.

మరుసటి ఆదివారం దాన్ని చర్చిలో, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యంగా చెప్పారు. మాస్టారు కోలుకుంటున్నారు కదా అని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు రావడం తగ్గించారు, తరువాత మానేశారు.

మరుసటి ఏడాది వానల్లో ఆయన పోయారు. అప్పుడు ఆదరణ కూడిక పద్ధతిగా జరిగింది. ఆమె కంట తడి లేకుండా వచ్చినవారికి టీ అందించారు. "ఎంత గుండె రాయి చేసుకుందో చూడమ్మా" అని నా వెనక ఎవరో అన్నారు. నియమం ప్రకారం కొంత గడువిచ్చి, వెళ్ళి ప్రశ్నలు అడిగాను. ఏడుపు వస్తోందా? లేదు. నమ్మలేకపోతున్నారా? లేదు. ఉన్నదున్నట్టు చెప్పారు. ప్రొఫెసర్ గారి వ్యాసంలో, దుఃఖం స్వల్పంగా ఉన్నవారి జాబితాలో ఆమె చేరారు. స్వస్థత కూడిక నాటి సాయంత్రం సంగతి ఆయనకు చెబితే, "అప్పటికి రోగి బతికే ఉన్నాడు కదయ్యా, లెక్కలోకి రాదు" అన్నారు. వ్యాసం అలాగే అచ్చయింది.

ఓదార్పు శవం కోసం ఆగితే అందవలసిన మనిషికి అందదని ఆ ఉద్యోగంలో నేర్చుకున్నాను. తరువాత చాలా ఏళ్ళకు నా భార్య కూడా అదే జబ్బుతో నన్ను మరచిపోయింది. అప్పుడు నేను ఎవరినీ ఏమీ అడగలేదు. అడిగితే ఏమిస్తారో చూసి ఉన్నాను.