చెవినొప్పి రోజులు

మొన్న ఆదివారం మనవరాలిని శంషాబాద్‌లో ఈతకు తీసుకుపోయి గట్టున కుర్చీలో కూర్చున్నాను. పన్నెండు పదమూడేళ్ళుంటాయేమో, ఒక పిల్ల టోపీ సర్దుకుంటూ వచ్చి, కుర్రవాడైన కోచ్‌తో నలుగురూ వినేట్టే, "సార్, నాకు పీరియడ్స్ వచ్చినయ్. కడుపు జర నొస్తున్నది, ఇయ్యాల మెల్లగ ఈదుత" అంది. అతను చేతిలోని గడియారం మీంచి చూపు తిప్పకుండానే "సరే బేటా, నొప్పి ఎక్కువైతే బయటికొచ్చెయ్" అన్నాడు. అంతే, పిల్ల నీళ్ళలో దూకింది. నా చేతిలో చాయ్ చల్లారిపోయింది. నవ్వూ ఏడుపూ ఒకేసారి ఎందుకు ముంచుకొచ్చాయో నా ఈడు ఆడవాళ్ళకు విడమరచి చెప్పనక్కరలేదు.

శంషాబాద్‌కు విమానాశ్రయం కొత్తగా వచ్చిన రోజుల్లో, ఆ దగ్గరలోనే ఒక ఈతకొలనులో నేను ఆడపిల్లలకు ఈత నేర్పేదాన్ని. కొలనుకంతా పెద్ద, పహాడీ షరీఫ్ నుంచి స్కూటర్ మీద వచ్చే మా సారు. గొంతు ఉరుము, మనసు వెన్న. నెత్తిమీంచి విమానం పోయిందంటే పిల్లలు ఈత మరిచి నోళ్ళు తెరిచేవారు, ఆయన ఈల ఊది "ఎన్నడు చూడలేదా విమానం? చేతులాడియ్యుండ్రి!" అని కసిరేవారు.

మా ఆడపిల్లలకు ఆ రోజుల్లో ఒకటే జబ్బు, చెవినొప్పి. నెలకోసారి వచ్చేది, నాలుగు రోజులుండి దానంతటదే పోయేది. ఆ సాకు మొదట ఎవరికి తట్టిందో తెలియదు కాని, పెద్దపిల్లల నుంచి చిన్నపిల్లలు నేర్చుకుంటూ వచ్చారు. సారు పెళ్ళాం పిల్లలున్న మనిషే అయినా, పుట్టినవాళ్ళంతా మగపిల్లలే అవడం చేతనో ఏమో, ఆ నొప్పికి వేరే కారణం ఉండొచ్చని ఆయనకు తోచనే లేదు. నీళ్ళలోనే దోషముందని కొలను కడిగేవాడి మీద విరుచుకుపడ్డారు, మందు ఎక్కువ కలిపించారు, చివరికి చెవిలో వేసే చుక్కల సీసా ఒకటి కొని బల్లమీద పెట్టుకుని, పిల్లల్ని పిలిచి పిలిచి మరీ వేశారు. ఏ నొప్పీ లేని చెవుల్లోకి పాపం ఎంత మందు పోయిందో! నేను మొహం తిప్పుకుని నవ్వుకునేదాన్ని.

కొత్తూరు నుంచి బస్సులో వచ్చే పిల్ల ఒకతె ఉండేది. తల్లి అక్కడే ఫ్యాక్టరీలో పనిచేసేది. నీళ్ళలో పడితే ఆ పిల్ల చేపే. ఆ ఏడు రాష్ట్ర జట్టుకు ఎంపిక పోటీ మా కొలనులోనే పెట్టారు. ఈసారి గాని పేరు రాకపోతే ఇక ఈత కట్టిపెట్టమని తండ్రి ముందే తేల్చేశాడు. పోటీకి ముందురోజు, ఆ ఒక్కపూట సాధన తప్పించుకుందామని, అలవాటుకొద్దీ పిల్ల చెవి పట్టుకుని సారు ముందు నిలబడింది. ఆయన మొహం వాడిపోయింది. ప్రతినెలా ఇదే చెవి, రేపు చెవుడొస్తే బతుకంతా కష్టం, పోటీకి దింపేది లేదని చెప్పేశారు. నిజం చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే ఈతే పోతుంది. పిల్ల బట్టలు మార్చుకునే చోట కూలబడి, "నువ్వే చెప్పక్కా, నేను చెప్తే సిగ్గుతోని సచ్చిపోత" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది.

దవాఖానలో నర్సుగా చేసే మా వదినను ముందు అడిగాను. నీళ్ళలో దిగితే ఏ హానీ లేదు, ఒంట్లో బాగుంటే ఈదనివ్వమంది. ఆ ధైర్యంతో సారు దగ్గరికి పోయి, ఆయన మొహం చూడలేక చుక్కల సీసా వంకే చూస్తూ ఉన్నమాట చెప్పేశాను. ఈసారి ఎర్రబడ్డది ఆయన చెవులే. "నేనేమన్న పరాయోన్నా అమ్మా? ఇన్ని దినాలు పిల్లలు ఎంత పరేషాన్ అయిండ్రో" అన్నారు, నొచ్చుకున్నట్టుగా. ఆ సాయంత్రమే పోటీకి పిల్ల పేరు మళ్ళీ రాసి, తన గది తాళం నా చేతిలో పెట్టారు. దానికి స్నానాల గది ఉంది, ఇకనుంచి అది ఆడపిల్లలదన్నారు. ఆయన బల్లా కుర్చీ మోటారు షెడ్డు కిందికి మారాయి. మరునాడు పొద్దున వాళ్ళ బేగం వేడినీళ్ళ సంచీ, ఫ్లాస్కులో వాము నీళ్ళు పంపింది.

ఈదడానికి ఆ పిల్లకు భయం లేదు, మరక ఎక్కడ కనబడుతుందోనని భయమల్లా పైకెక్కడానికే. నేను నల్లటి తువ్వాలు విప్పి పట్టుకుని నిచ్చెన దగ్గర నిలబడ్డాను. పోటీలో రెండోదిగా వచ్చి గోడ తాకింది. నిచ్చెన పట్టుకుంది కాని కాలు పైకి పెట్టదు. గట్టునిండా మగపిల్లలు, వాళ్ళ తండ్రులు. అంతలో సారు ఈల చెవులు గింగురుమనేట్టు మోగింది. "అరె పోరగాండ్లూ, పైకి చూడుండ్రి! విమానం, విమానం!" విమానం చూసినందుకు రోజూ తిట్లు తినే పిల్లలు బిత్తరపోయి తలలెత్తారు, వాళ్ళను చూసి పెద్దలూ ఎత్తారు, అందరికన్నా శ్రద్ధగా సారు నడుం మీద చేతులు పెట్టుకుని మరీ చూశారు. ఈలోగా పిల్ల మెట్లెక్కి నా తువ్వాలులోకి వచ్చేసింది. వణుకుతూనే నవ్వింది. జట్టులో పేరూ వచ్చింది. ఆ వేళ ఆకాశంలో నిజంగా విమానం ఉందో లేదో నాకు తెలియదు, నేను పిల్లనే చూస్తున్నాను.

ఆ తర్వాత చెవినొప్పి మాట మళ్ళీ వినలేదు. ఏ ఆడపిల్ల నిచ్చెన దగ్గర తటపటాయించినా మా సారుకు విమానం కనిపించేది. ఆయన ఆ సంగతి ఎత్తి ఏనాడూ మాట్లాడలేదు, మాట్లాడటం ఆయన వల్ల అయ్యే పనీ కాదు, ఆయనకు చేతనైన విధంగా మా ఆడపిల్లల్ని కాపాడుకున్నారు.

సారు ఇప్పుడు లేరు. మొన్నటి పిల్ల ఈత ముగించి, తువ్వాలు ఊసే లేకుండా నీళ్ళోడుతూ మెట్లెక్కి, గట్టున స్నేహితురాళ్ళతో కబుర్లలో పడింది. సరిగ్గా అప్పుడే నెత్తిమీంచి విమానం పోయింది. ఇన్నేళ్ళలో అందరికీ అలవాటైపోయింది గదా, ఎవరూ పట్టించుకోలేదు. ఆ పిల్ల కోసం ఎవరూ తల తిప్పుకోవలసిన అవసరమూ లేదు. అది చూడటానికి సారు ఉండి ఉంటే ఎంత బాగుండేదనిపించింది. నేనొక్కదాన్నే తలెత్తి, ఆ విమానం కనుమరుగయ్యేదాకా చూశాను.