మంచం కింద రాగి బిళ్ళ

మా పిన్ని కూతురు రాజమండ్రిలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఒకసారి సెలవులకి పాలకొల్లు మా ఇంటికి వచ్చింది. వచ్చిన మర్నాడే ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, "అక్కా, నువ్వెప్పుడూ చెప్పే ఆట ఇదేనా? బాబోయ్, దీన్నెలా ఆడేవారు మీరు?" అంది. కాఫీ గ్లాసు ఇంకా నా చేతిలోనే ఉంది. ఒళ్ళు మండింది.

ఆ ఆట పేరు చెప్పను. చెబితే మీరూ వెతికి పట్టుకుని, అగ్గిపెట్టెల్లాంటి ఆ మనుషుల్ని చూసి నవ్వుతారు. మనమే ఒక పాత్రగా మారి ఊరూరా తిరుగుతూ, కనిపించినవాళ్ళతో మాట్లాడుతూ కథ నడిపించుకుపోయే ఆటల్లో అదొకటి. ఒకప్పుడు చాలా పేరున్నదే. మా చెల్లెలు దాన్ని ముప్పావుగంట ఆడి, ఆవులించి, ఇంటర్నెట్‌లో ఎవరో రాసిన సమీక్ష తీసి చదివి వినిపించింది. ఈ ఆట ఈ కాలానికి నిలబడదట. బొమ్మలు బాగోలేవట, నడక నత్తనడకట. అన్నిటికంటే పెద్ద లోపం, అందులో మనుషులకి చెప్పడానికేమీ లేదట. రెండోసారి పలకరిస్తే మొదటి మాటే తిరిగి అప్పచెబుతారట.

బొమ్మల సంగతి ఎలాగైనా రాసుకోనీ. మనుషుల గురించి అంత మాట అనడానికి వాడెవడు?

తొంభైల చివర మా ఇంటికి కంప్యూటర్ వచ్చింది. నాన్నగారు హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారు. నేను ఇంటర్ మొదటి ఏడు. నా చదువు కోసమని కొన్నారు గాని, దాన్ని పెట్టింది మామ్మ గదిలో, మామ్మ మంచానికి ఎదురుగా. ఆ ఆట సీడీ ఒక పత్రికతో పాటు ఉచితంగా వచ్చింది. ఎండాకాలం సెలవులు కావడంతో పొద్దున్నే టిఫిన్లు కాగానే ముగ్గురం దాని ముందు చేరేవాళ్ళం. మీటలు నావి. తెర మీద వచ్చే ఇంగ్లీషుని తెలుగు చేసి చదవడం నాన్నగారి పని. ఆయన నోట్లో పడి ఆ దేశపు కమ్మరులు, కాపలావాళ్ళు కూడా "ఏవండీ, ఎందాకండీ" అని మాట్లాడేవారు. మామ్మ మంచం మీద మోకాళ్ళకి నూనె రాసుకుంటూ మా ఇద్దరినీ నడిపించేది.

ఆ ఆటలో ఎవరింట్లోకైనా వెళ్ళచ్చు, ఏ పెట్టె అయినా తెరవచ్చు. కత్తులు, కవచాలు, మందులు అన్నీ ఆ పెట్టెల్లోనే ఉంటాయి. ఎవరూ అడ్డు చెప్పరు. అసలు అలా తీసుకుంటూ పోవాలనే ఆ ఆట చేశారు. నేను మొట్టమొదటి ఇంట్లోనే పెట్టె దగ్గరికి వెళితే మామ్మ గయ్యిమంది.

"అదేంటే ఆ పని? ఇంటావిడ ఎదురుగా నిలబడి ఉంటే అడక్కుండా పెట్టె మీద చెయ్యేస్తావా?"

"ఆటలో అంతే మామ్మా."

"ఆటలో అయితే మాత్రం? వాళ్ళదే కదా ఆ పెట్టె!"

నాన్నగారు వాళ్ళమ్మ పక్షమే. దాంతో మేం ఒక్క పెట్టె కూడా తెరవలేదు. సగం ఆట దాకా చేతిలో ఒక చేపాటి కర్రతోనే నెట్టుకొచ్చాం. తోడేళ్ళ చేతిలో ఎన్నిసార్లు చచ్చామో లెక్కలేదు. ప్రపంచంలో ఇంకెవరూ ఆ ఆటని అంత మర్యాదగా ఆడి ఉండరు.

అలా అలా నది దగ్గరికి వచ్చాం. పడవవాడు రాగి బిళ్ళ చూపిస్తేనే ఎక్కించుకుంటానన్నాడు. ఆ బిళ్ళ రేవు పక్క గుడిసెలో ఉండే ముసలావిడ దగ్గర ఉందని ఎవరో చెప్పారు. మామ్మ నూనె గిన్నె పక్కన పెట్టి లేచి కూర్చుంది. ఆవిడ పుట్టిల్లు కోనసీమలో. నర్సాపురం రేవులో పంటు ఎక్కి, లారీలు కూడా ఎక్కే ఆ పెద్ద పడవలో గోదావరి దాటి వెళ్ళేది. మోకాళ్ళు పట్టేశాక ఆ ప్రయాణం మానేసి ఆరేళ్ళయింది. "అవతలి ఒడ్డుకి తీసుకెళ్ళవే, ఏముందో చూద్దాం" అంది. ఆ గొంతులో ఆశ నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

గుడిసెలో ముసలావిడ జబ్బుతో మంచం మీద ఉంది. మంచం కింద పెట్టె ఉంది. బిళ్ళ కావాలని అడిగాం. "మా దగ్గరేం లేదండి" అందని చదివారు నాన్నగారు. మళ్ళీ అడిగాం. మళ్ళీ అదే మాట.

"ఇంకోసారి అడగండి" అంది మామ్మ.

"రెండుసార్లు లేదంది కదమ్మా. ఒంట్లో బాగోని మనిషిని ఇంకా విసిగిస్తే ఏం బావుంటుంది?" అన్నారు నాన్నగారు. ఆయన మొహమాటం అలాంటిది.

"రెండుసార్లు వద్దన్నాకే కదరా అసలు మాట వచ్చేది! మనింటికొచ్చినవాళ్ళు మొదటి పిలుపుకే భోజనానికి కూర్చుంటున్నారా?"

అప్పుడు నేను, కంప్యూటర్ తెలిసిన మేధావిని, నవ్వి, "అది మిషను మామ్మా. వందసార్లడిగినా అదే చెబుతుంది" అన్నాను.

వారం రోజులు రేవు దగ్గరే పడి ఉన్నాం. ఆ తర్వాత ఒకరోజు నాన్నగారు పనిమీద భీమవరం వెళ్ళారు. మామ్మ స్నానానికి వెళ్ళింది. నేను గుడిసెలోకి వెళ్ళి పెట్టె తెరిచి బిళ్ళ తీసుకున్నాను. ముసలావిడ ఇటు తిరగనైనా లేదు. మామ్మ తడిజుట్టుకి తువ్వాలు చుట్టుకుని వచ్చేసరికి తెర మీద పడవ నది మధ్యలో ఉంది.

"ఇచ్చిందా?" అంది గుమ్మంలోనే ఆగిపోయి.

"ఇచ్చింది మామ్మా."

"చూశావా, నేను చెప్పలా! ఏమని ఇచ్చింది?"

"జాగ్రత్తగా వెళ్ళిరా తల్లీ అంది."

ఆ మాట మామ్మ పాలావిడకి చెప్పింది, పక్కింటివాళ్ళకి చెప్పింది, చూడ్డానికొచ్చిన పుట్టింటివాళ్ళకి చెప్పింది. ఎవరినైనా సరే, మూడోసారి మనసారా అడిగితే కాదనరని ఆవిడ సిద్ధాంతం, దానికి సాక్ష్యం నా ఆట. నేను పక్కనే ఉండి వినేదాన్ని. నిజం చెప్పడానికి నోరు రాలేదు. తర్వాత కొన్నేళ్ళకి మామ్మ పోయింది.

ఆవిడ పోయిన నాలుగేళ్ళకే మా చెల్లెలు ల్యాప్‌టాప్‌తో దిగబడింది. ఆ సమీక్ష విన్నాక నాకు పట్టుదల వచ్చి, దాన్ని పక్కకి జరిపి నేనే కూర్చున్నాను. నిజమే ఒప్పుకుంటాను, నడక విసుగే. తోడేళ్ళు గోడల్లోంచి దూరి వస్తున్నాయి. బొటనవేలు నొప్పి పుట్టింది. అయినా మామ్మ పద్ధతిలోనే, ఒక్క పెట్టె ముట్టకుండా, రెండు రోజులు కూర్చుని రేవు దాకా వచ్చాను.

"పెట్టె తియ్యక్కా. సైట్‌లో కూడా అదే రాశారు. అందరూ అంతే" అంది చెల్లెలు.

"నువ్వూరుకో" అని ముసలావిడని అడిగాను. లేదంది. రెండోసారి అడిగాను. లేదంది. మూడోసారి మీట నొక్కాను.

ముసలావిడ మంచం మీద లేచి కూర్చుంది. అన్నేళ్ళలో నేనెప్పుడూ చూడని మాటలు తెర మీదకొచ్చాయి. ఇన్నిసార్లు అడిగావంటే నీకు నిజంగానే అవసరమై ఉంటుంది, మంచం కింద పెట్టెలో ఉంది, తీసుకుని క్షేమంగా వెళ్ళు, అని.

"అరె, ఇది బాగుందే! సైట్‌లో లేదు" అంది చెల్లెలు.

ఎందుకుంటుంది? పెట్టెలు దోచుకుంటూ పరిగెత్తినవాడికి మనుషులు ఏం చెబుతారు? వాడెవడో తీర్పు రాసేశాడు, ఇది చదివేసింది! మూడోసారి అడిగే ఓపిక లేనివాళ్ళు ఆట నిలబడదని రాయడం! లేచి వీధి అరుగు మీదకి వెళ్ళాను. నాన్నగారు పేపరు చదువుకుంటున్నారు.

"నాన్నగారూ, ఆ ముసలావిడ ఇస్తుందండీ! మూడోసారి అడిగితే బిళ్ళ ఇస్తుంది!" అని అరిచినంత పని చేశాను.

ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే, "అది తెలిసిందే కదమ్మా. అప్పుడు నువ్వడిగితేనే కదా ఇచ్చింది. మా అమ్మ పోయేదాకా అదే చెప్పుకుంది" అన్నారు.

అప్పటిదాకా లోకం మీదున్న కోపమంతా వచ్చి నా నెత్తినే పడింది. ఒక్క మీట. మామ్మ ఎదురుగా కూర్చుని, నొక్కమని చెబుతూనే ఉంది.

"నేను అడగలేదు నాన్నగారూ" అన్నాను.