రెండు గంటల లీకు

ఖున్‌హో బాబాయ్ లెక్కలో ఈ లోకంలో గాలి లీకు కాని వస్తువంటూ లేదు. ఇంజన్లంటే సరే, అది ఆయన వృత్తి. అన్నం కుక్కరు, బస్సు తలుపు, పెళ్లిలో కట్టిన బెలూన్లు, పక్క కుర్చీలో కూర్చున్నవాడి ముక్కు... ఏది "స్స్" అన్నా ఆయన జేబులోంచి మూరెడు రబ్బరు గొట్టం బయటికొచ్చేసేది. ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొసతో ఆ చప్పుడు ఎక్కణ్నుంచి వస్తోందో వెతికేవాడు. అది దొరికేదాకా ఆయనకు అన్నం సహించేది కాదు. "ష్! మాట్లాడకండి, ఎక్కడో గాలి పోతోంది" అన్నది ఆయన ఊతపదం.

మాజు అమ్మవారి ఊరేగింపు పూలి ఊరి బజారు గుండా వెళ్తుంటే ఊరంతా దణ్ణాలు పెడుతోంది. బాబాయ్ మాత్రం సన్నాయి ఊదే ముసలాయన వెనకాలే వంగి వంగి నడుస్తున్నాడు, చెవిలో గొట్టంతో.

"తాతా, నీ సన్నాయికి అతుకు దగ్గర గాలి పోతోంది."

"పోకపోతే మోగుతుందట్రా, తలతిక్క వెధవా!" అని ఆ ముసలాయన సన్నాయితోనే ఒక్కటి వేశాడు.

ఆ దెబ్బకి బొప్పి కట్టింది. ఇంటికి రాగానే భార్య సియోక్ పిన్ని మంచుగడ్డ అదుముతూ "అమ్మవారి ముందు కూడా నీ పిచ్చి వదల్లేవా?" అని చీవాట్లు పెట్టింది. "అతుకు దగ్గరే పోతోందే, నాకు బాగా తెలుసు" అన్నాడు బాబాయ్. ఆ సాయంత్రం ఆ ముసలాయన సన్నాయికి మైనం రాసుకుంటూ కనబడ్డాడు కానీ, ఎవరికీ చెప్పొద్దని బతిమాలుకున్నాడు.

ఆయన పిచ్చిలో పని లేకపోలేదు. ఇంజను తాగాల్సిన గాలి కొలత ప్రకారం ఒక్క దారినే లోపలికి పోవాలి. ఎక్కడో ఓ గొట్టం వెంట్రుకంత చిట్లిందనుకోండి, దొంగదారిన ఇంకాస్త గాలి చొరబడుతుంది. అప్పుడు నిలబెట్టి ఉంచిన బండి కూడా ఓసారి ఉరుకుతుంది, ఓసారి నీరసపడుతుంది, ఎందుకో తెలియక యజమాని జుట్టు పీక్కుంటాడు. ఆ వెంట్రుకంత చిట్లు పట్టుకోవడంలో బాబాయ్‌ని మించినవాడు ఆ కొండ కింది ఊళ్లలో లేడు. చెవికి అందకపోతే ఆయన దగ్గర ఇంకో ఉపాయం ఉండేది, అగరొత్తులు. పొగ ఎక్కడ పక్కకు వంగి లోపలికి పోతే అక్కడే లీకు.

ఓసారి ఇలాగే ఆయన మరమ్మతు కొట్టుకు బాన్‌హోక్ నీలి ట్రక్కు వచ్చింది. బాన్‌హోక్ అంటే కొండ మీది పొలాల నుంచి క్యాబేజీలు దింపి సీలో అనే ఊళ్లోని టోకు మార్కెట్టుకు చేర్చే మనిషి. ఆ రోజు చాంద్రమాన నెలలో పదహారో రోజు. దుకాణాల వాళ్లంతా గుమ్మం ముందు బల్ల వేసి, పళ్లూ ఫలహారాలూ పెట్టి దేవుళ్లకు మొక్కుకునే రోజు. బాబాయ్ గొట్టంతో వెతికాడు, దొరకలేదు. అటూ ఇటూ చూసి, దేవుడి బల్ల మీది అగరొత్తులు మూడూ లాగేసి, బాన్‌హోక్ ఇంజను చుట్టూ మెల్లగా తిప్పడం మొదలుపెట్టాడు.

దారిన పోయే ఓ పెద్దావిడ ఆగింది.

"ఏ దేవుడు నాయనా?"

"ష్!" అన్నాడు బాబాయ్.

పేరు పైకి చెప్పకూడనంత పెద్ద దేవుడన్నమాట అనుకుంది ఆవిడ. సంచీలోంచి రెండు నారింజలు తీసి బండి మూతి మీద పెట్టి, మూడుసార్లు వంగి మొక్కింది. ఆవిణ్ని చూసి వెనకావిడ బిస్కెట్ల పొట్లం పెట్టింది. ఇంకో ఆయన మోకాళ్ల నొప్పుల సంగతి విన్నవించుకున్నాడు. బాబాయ్ "దొరికింది!" అని అరిచి తలెత్తేసరికి వీధి మలుపు దాకా జనం. ఈలోగా సియోక్ పిన్ని బకెట్టు నీళ్లతో పరుగెత్తుకొచ్చింది.

"పెట్రోలు పక్కన నిప్పు పెట్టుకుని ఆటలా! ఏదో ఒకనాడు ఈ వీధి వీధంతా స్వర్గానికి పోతుంది!"

నీళ్లు అగరొత్తుల మీద పడ్డాయి, నారింజల మీద పడ్డాయి, మోకాళ్ల నొప్పుల ఆయన మీదా పడ్డాయి. తన నొప్పి తగ్గిందని ఆయన తర్వాత నెల రోజులు చెప్పుకు తిరిగాడు. ఇంజను వెనకాల చిట్లిన గొట్టం మార్చాక బాన్‌హోక్ ట్రక్కు చక్కగా నడిచింది. కొండ దారిలో ఆగినప్పుడల్లా బాన్‌హోక్ ఈ కథ చెప్పి అందర్నీ నవ్వించేవాడు. అప్పటికి అతని నోటి నుంచి బాబాయ్ మీద మంచి మాటలే వచ్చేవి.

అవి అలాగే సాగి ఉంటే ఎంత బాగుండేదో!

చలికాలం క్యాబేజీకి గిరాకీ. బాన్‌హోక్ మార్కెట్టు నుంచి తెల్లవారుజామున వచ్చి, అటునుంచి అటే కొండెక్కి, మధ్యాహ్నానికి మళ్లీ లోడుతో దిగేవాడు. దారిలో టీ తాగడానికి బాబాయ్ దగ్గర ఆగేవాడు.

"కళ్లు మిరపకాయల్లా ఉన్నాయిరా. ఆ మడత మంచం మీద కాసేపు పడుకో" అన్నాడు బాబాయ్ ఓనాడు.

"నేనేమన్నా ముసలాణ్నా పడుకోడానికి? నన్ను చూస్తే డ్రైవరులా కనబట్టంలేదా? నువ్వు చెప్పాల్సింది బండి సంగతి, నా సంగతి కాదు" అని విసుక్కుని, బండి తిప్పుకుంటూ బాబాయ్ గుమ్మం పక్క స్తంభానికే బండి అద్దం రాసుకుంటూ పోయాడు.

ఆ తర్వాత బాబాయ్ నిద్ర మాట ఎత్తలేదు. మర్నాడు బాన్‌హోక్ టీ తాగుతుంటే గొట్టం చెవిలో పెట్టుకుని ట్రక్కు దగ్గర వంగాడు.

"ష్! గాలి పోతోంది."

"మొన్ననేగా బాగు చేశావు?"

"ఇది వేరేది. చాలా సన్నంగా వినిపిస్తోంది. రెండు గంటలు పడుతుంది."

రెండు గంటలు ఏం చేస్తాడు? బాన్‌హోక్ తిట్టుకుంటూ మంచం మీద నడుం వాల్చేవాడు. ఎప్పుడు కన్ను మూతపడేదో అతనికే తెలిసేది కాదు. "లేరా, అయిపోయింది" అని బాబాయ్ తట్టి లేపేవాడు. డబ్బులివ్వబోతే "చిన్న బిగింపే, పోపో" అనేవాడు. రెండు రోజులకు మళ్లీ లీకు, మళ్లీ రెండు గంటలు. మిగతావాళ్ల బండ్లలో లీకు టీ చల్లారేలోగా పట్టేసే మనిషి, తన ట్రక్కు దగ్గరికి వచ్చేసరికి ఎందుకింత తడుముకుంటున్నాడని బాన్‌హోక్ ఒక్కసారి ఆలోచించి ఉంటే సరిపోయేది. అతనికి మార్కెట్టులో వెనకబడుతున్న వరస కనిపించింది తప్ప ఇంకేం కనిపించలేదు.

ఓ రోజు సేమియా వండి పెట్టే కొట్టులో నలుగురు డ్రైవర్ల ముందు కడుపు మంటంతా కక్కేశాడు.

"ముసలాయనకి చెవులు పోయాయర్రా! లేని లీకు వినిపిస్తుంది, ఉన్న లీకు వినపడదు. చేసిందే చేస్తాడు. మీ బండ్లు కూడా పాడుచేస్తాడు, చూస్కోండి."

నలుగురి నోళ్లు నలభై అయ్యాయి. చెవే ఆయుధమైన మనిషికి చెవులు పోయాయన్న మాట కంటే పెద్ద దెబ్బ ఏముంటుంది? ఊరి చివర కొత్తగా పెట్టిన గ్యారేజీలో లీకు పట్టడానికి పొగ వదిలే యంత్రం ఉందని ఒక్కొక్కరూ అటే మళ్లారు. బాన్‌హోక్ కూడా మళ్లాడు. దారిలో బాబాయ్ కొట్టు ముందునుంచి పోవాల్సి వస్తే మొహం తిప్పుకుని వేగం పెంచేవాడు.

అలా ఓ రుతువు గడిచింది. ఓనాడు మలుపులో బాన్‌హోక్‌కి ఒక్క క్షణం కన్ను మూతపడింది. తెరిచేసరికి ముందు చక్రం దారి అంచున కంకర మీద ఉంది. క్యాబేజీలు కొన్ని లోయలోకి దొర్లిపోయాయి. తప్పు బండిదే అనుకున్నాడు, దాన్ని నేరుగా కొత్త గ్యారేజీకి తెచ్చాడు.

అక్కడి మెకానిక్ త్సుంగ్‌లిన్ యంత్రం తగిలించి, ఇంజనులోకి పొగ కొట్టి, ఎక్కడైనా బయటికి తన్నుకొస్తుందేమోనని లైటు వేసి చూశాడు. ఎక్కడా రాలేదు.

"లీకు లేదన్నా."

"మళ్లీ చూడు. ఈ బండికి రెండు రోజులకో లీకు వచ్చేది."

"ఎవరు చెప్పారు? ఆ వెనక గొట్టం ఒక్కటే మార్చారు, బ్రహ్మాండంగా ఉంది. మిగతా గొట్టాలన్నీ కంపెనీవే, బిగింపుల మీద దుమ్ము పేరుకుని ఉంది. స్క్రూడ్రైవరు సోకినట్టే లేదు. లీకన్న ఆయన నీతో వేళాకోళం ఆడి ఉంటాడు" అని, బాన్‌హోక్ మొహంలోకి చూసి, "నువ్వు సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్లయిందన్నా?" అన్నాడు.

బాన్‌హోక్ ట్రక్కు ఎక్కి బాబాయ్ కొట్టు వైపు తిప్పాడు.

బాబాయ్ కొట్టు ముందు ట్రక్కు ఆపేసరికి లోపల గోడలకున్న పనిముట్లు లేవు. వాటి చోట రంగురంగుల గాజు పెట్టెలు దింపుతున్నారు, నాణెం వేస్తే ఇనుప గోళ్లు బొమ్మల్ని పట్టుకునే రకం. బేరాల్లేక కొట్టు వాళ్లకి అద్దెకిచ్చేశారట. సియోక్ పిన్ని డబ్బాలకు తాడు కడుతోంది.

"పిన్నీ, నా బండికి లీకు లేదటగా!"

"లేదు. ఆ నారింజల నాటి నుంచి లేదు" అంది పిన్ని తలెత్తకుండా. "పడుకోమంటే తిడతావు, బండి పాడైందంటే ఆగుతావు. మరేం చేస్తాడు? నువ్వు పడుకోగానే స్టూలు వేసుకుని నీ పక్కనే కూర్చునేవాడు. ఫ్యాను చప్పుడు అడ్డమని ఆపేసి, దోమలకి అగరొత్తు వెలిగించి, ఆ గొట్టం నీ ముక్కు కింద పెట్టేవాడు. 'ఇంకా ఉరుకుతోందే, నిలబడలేదు, ఇంకాస్సేపు' అనేవాడు. నీ గురక ఒక్క తీరున వచ్చినప్పుడే నిన్ను లేపేవాడు."

"నాకు చెప్పొచ్చుగా!"

"చెబితే మళ్లీ పడుకునేవాడివా?"

బాన్‌హోక్ సిగ్గుతో కుంగిపోయాడు. ఆ నాలుక కోసుకోవాలనిపించింది. నేరుగా సేమియా కొట్టుకు పోయి, బల్ల ఎక్కినంత పని చేసి, ఖున్‌హో బాబాయ్ చెవులు దివ్యంగా ఉన్నాయని, తాను కూసింది తప్పుడు కూత అని అరిచాడు. జనం ఓసారి తలెత్తి, మళ్లీ గిన్నెల్లో తలలు దూర్చారు. ముందు అన్న మాట ఊరంతా తిరిగింది, దిద్దుకున్న మాట ఆ కొట్టు గడప దాటలేదు. కొట్టు తిరిగి రాలేదు. ఆ విచారం బాన్‌హోక్‌ని ఇప్పటికీ వదల్లేదు.

మర్నాడు మధ్యాహ్నం లోడుతో బాబాయ్ ఇంటి ముందు ఆగాడు. క్షమించమని అడగడానికి దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. వసారాలో బాబాయ్‌ని చూడగానే అన్నీ మర్చిపోయాడు.

"బాబాయ్... ట్రక్కు స్స్ అంటోంది."

బాబాయ్ అతని ఎర్రటి కళ్లు చూశాడు. జేబులోంచి గొట్టం తీసి, ట్రక్కు దగ్గరికి వెళ్లి, ఇంజను మూత అయినా ఎత్తకుండా తలుపు మీద ఆనించి విన్నాడు.

"ష్! పెద్ద లీకే. ఇన్నాళ్లు పట్టించుకోలేదు మరి. మూడు గంటలు పడుతుంది."

"మూడా? మార్కెట్టులో నా వరస..."

"మూడు!"

మడత మంచం అప్పటికే వసారాలో వేసి ఉంది. బాన్‌హోక్ నోరు మూసుకుని పడుకున్నాడు. పిన్ని ఫ్యాను ఆపేసింది. అగరొత్తు వాసన వచ్చింది, స్టూలు కిర్రుమంది, ఇంజనాయిలు వాసనేసే గొట్టం కొస మెల్లగా ముక్కు కిందకి వచ్చి ఆగింది. బాన్‌హోక్‌కి తుమ్ము ముంచుకొచ్చింది. బాబాయ్ వింటున్నాడని ఆపుకున్నాడు.