మెరుపుదాడికి ఒప్పుకోని ఆవిడ

సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రకటనలు రాసే ఆవిడది ఉడుంపట్టు. చెవి వెనక పెన్సిలు దోపుకుని, రాసిన ప్రతి వాక్యాన్నీ ఆ సరుకు వాడబోయే వాళ్ళకు ఫోనులో చదివి వినిపించందే వదలదు. ఒకరోజు, యుద్ధం మాట లేనిదే ముద్ద దిగని మేనేజరు పసిపిల్లల బడి హాజరు సాఫ్ట్‌వేరుకు తానే ఒక ప్రకటన వాక్యం రాసి పంపాడు: "మెరుపుదాడి చేయండి! ప్రత్యర్థుల్ని మట్టుబెట్టండి!" ఆవిడ దాన్ని ఒక బడి ఆయాకు ఫోనులో చదివి వినిపించింది.

"ఇదేం పోయేకాలమమ్మా! ఏ బిడ్డ ఎవరి చెయ్యి పట్టుకుని ఇంటికెళ్ళిందో మీ సాఫ్ట్‌వేరు చెప్తే చాలు నాకు," అంది ఆయా.

ఆవిడ ఆ మాటే ప్రకటనగా రాసి పట్టుకెళ్ళింది.

"పస లేదు. దాడి పెట్టు, లేదా వేరే ఉద్యోగం చూసుకో," అన్నాడు మేనేజరు.

"పాలబుగ్గల పిల్లల్ని ఎవరిమీదికి తోలమంటారు సార్?" అని, ఆవిడ ఆయా మాట కిందే సంతకం పెట్టి, కాగితం ఆయన ముందుకు జరిపి, కుర్చీ లాక్కుని కూర్చుంది.