తొమ్మిదిమంది పిల్లల సగటు

యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఆ పెద్దమనిషి ధర్మవరం వచ్చాడు. ట్రైనింగు కాలేజీలో పిల్లల మనస్తత్వం మీద పాఠాలు చెప్పే పండితుడు. మా నేతవీధి బడిలో పిల్లల తెలివితేటలు కొలుస్తాడని ముందే కబురు అందింది. మా హెడ్మాస్టరు పూలదండ పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని స్టేషనుకు బయలుదేరాడు. బడిలో ట్రైనింగు అయిన ఆడ టీచరును నేనొక్కదాన్నే. పండితుడు మా వీధిలోకి అడుగుపెట్టగానే జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

మా వీధిలో వాసన ఉండేది, కాదనను. రంగులు కాచే బానలు, తడి పట్టు, పులిసిన గంజి. నేను హిందూపురంలో బెల్లం మండీల పక్కన పెరిగినదాన్ని. ఉద్యోగానికి వచ్చిన కొత్తలో ఆ వాసన నాకూ పడేది కాదు. కానీ ఆ గాలిలోనే పిల్లలు పుట్టి, తిని, నిద్రపోతారు. ముక్కు మూసుకుని వాళ్ళ బుద్ధిని కొలవడం ఎట్లాగో నాకు తోచలేదు.

ఆయన రాక మాకు చిన్న విషయమేమీ కాదు. మా బడి ఐదో తరగతితో ఆగిపోయేది. ఆపైన చదవాలంటే ఊరి ఆ చివరన ఉన్న హైస్కూలుకు పోవాలి. మగపిల్లలు కొందరు పోయేవాళ్ళు, ఆడపిల్లల్ని మాత్రం అంత దూరం పంపేవాళ్ళు కాదు. మా బడికే ఆరో తరగతి ఇమ్మని అర్జీ పెట్టుకున్నాం. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూళ్ళ పిల్లల్నీ పరీక్షించి, ఎవరు పైచదువుకు పనికొస్తారో చెప్పమని పైవాళ్ళు ఈ పండితుణ్ణి పంపారు.

ఆయన వచ్చింది సరిగ్గా పెళ్ళిళ్ళ ముందు. పెళ్ళి చీరల కోసం ఇంటింటా మగ్గం ఆగకుండా ఆడుతోంది. దారం కండెలు చుట్టడానికి, మగ్గం మీది పడుగు దారాలు అతకడానికి పిల్లల్ని ఇళ్ళలోనే పెట్టుకున్నారు. ఎంత చురుకైన చెయ్యి ఉంటే ఆ పిల్లను అంత గట్టిగా ఇంటికి కట్టేస్తారు. ఐదో తరగతిలో నలభైమందికి గాను ఆ పూట తొమ్మిదిమంది వచ్చారు. మలేరియా తగ్గి ఇంకా వణుకుతున్నవాడొకడు. అమరాపురం వైపు నుంచి కొత్తగా వచ్చిన, కన్నడం తప్ప తెలుగు సరిగ్గా రాని అన్నదమ్ములిద్దరు. మిగిలినవాళ్ళూ ఇంట్లో పనికి అక్కర్లేనివాళ్ళే.

"సార్, ఓ పది రోజులు ఆగితే పెళ్ళిళ్ళ పని తగ్గుతుంది. క్లాసంతా వస్తుంది" అన్నాను.

"తొమ్మిదిమంది చాలమ్మా. రక్తపరీక్షకు ఒక చుక్క సరిపోదూ?"

"ఒక మనిషి ఒంట్లో రక్తమంతా ఒకటే సార్. బడిలో పిల్లలంతా ఒకటి కాదు కదా."

హెడ్మాస్టరు నా వైపు గుడ్లురిమాడు. "ఏమమ్మా, రవ్వంత సుమ్మనుండు. సారుకు తెల్దా?"

పరీక్ష మొదలైంది. పిల్లలు నేల మీద కూర్చుని పలకల మీద గీస్తుంటే, హెడ్మాస్టరు పండితుడికి విసనకర్రతో విసిరాడు, అరటిపళ్ళు ఒలిచి ఇచ్చాడు. ఆయన తింటూ, వాచీ చూస్తూ, తొక్కలు ఆ పిల్లల ముందే పడేశాడు. జిగటైన వేళ్ళను వణుకుతున్న పిల్లవాడి పలకగుడ్డతో తుడుచుకున్నాడు. రంగుబానల వాసన ఎప్పుడూ నాకు అంత రోత పుట్టించలేదు.

సాయంత్రం ఒక నేతగత్తె పరుగున మా ఇంటికొచ్చింది. ఆమె కూతురు మా క్లాసులో లెక్కలు నోటితోనే చేసే పిల్ల.

"టీచరమ్మా, ఎవరో సారు వచ్చి పిల్లోల్ల తెలివి చూసినాడంట గదా. మా పాప ఈ పొద్దు పడుగు అతుకుతాండె. రేపు పంపీదునా?"

"రేపు ఆయన ఉండడమ్మా. హిందూపురం పోతాండాడు."

"మల్ల మా పాపను యాడ చూస్తాడు?"

"చూడడు."

"చూడకుండానే మా వీదోల్లు ఇట్లాంటోల్లని రాస్తాడా?" అని ఆమె గడపలోనే నిలబడిపోయింది.

ఫలితాలు పెనుకొండలో ఉపాధ్యాయుల సమావేశంలో చెప్పారు. హిందూపురంలో పెద్ద బడి కాబట్టి అక్కడ వందమందికి పైగా పరీక్ష రాశారు. పెనుకొండలో రాసింది ఏడుగురే. అందులో ముగ్గురు తాలూకా ఆఫీసు గుమాస్తాల పిల్లలు. పండితుడు నల్లబల్ల మీద మూడు సగటులు వేశాడు. పెనుకొండ అన్నిటికన్నా పైన, హిందూపురం మధ్యన, మా ధర్మవరం అట్టడుగున.

తర్వాత వాటికి కారణాలు మొదలుపెట్టాడు. పెనుకొండ రాజులు ఏలిన ఊరు కాబట్టి అక్కడి రక్తంలోనే వివేకం ఉందట. హిందూపురం వ్యాపారం చేసే ఊరు, బుద్ధి మధ్యరకమట. తరతరాలుగా మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నవాళ్ళ పిల్లలకు మెదడు మందగిస్తుందట. యాభైమంది ఉపాధ్యాయులు తలలూపుతూ అది రాసుకున్నారు. వాళ్ళలో ఇద్దరు ముగ్గురు నేతగాళ్ళ బిడ్డలే. వాళ్ళూ రాసుకున్నారు.

నేను నల్లబల్లను చూస్తూ కూర్చున్నాను. ఎక్కువమంది రాసిన ఊరు మధ్యలో ఉంది. గుప్పెడుమంది రాసిన రెండు ఊళ్ళూ రెండు కొసల్లో ఉన్నాయి. నా క్లాసులో వారం వారం పరీక్షలు పెట్టేటప్పుడు ఇది చూసేదాన్ని. క్లాసంతా వచ్చిన వారం సగటు పెద్దగా కదలదు. వానపడి నలుగురే వచ్చిన వారం ఆకాశానికైనా పోతుంది, పాతాళానికైనా దిగుతుంది. ఒక్క పిల్ల చాలు దాన్ని అటో ఇటో లాగడానికి.

లేచి నిలబడి, ఒక పని చెయ్యనివ్వమని అడిగాను. అధ్యక్షత వహించిన ఇన్‌స్పెక్టరు అప్పటికే ఆవులిస్తున్నాడు, సరేనన్నాడు. పండితుడి పట్టీ తీసుకుని, హిందూపురం పిల్లల మార్కులు చీటీల మీద రాసి, మంచినీళ్ళ చెంబు ఒంపేసి, తుడిచి అందులో వేశాను. కళ్ళు మూసుకుని తొమ్మిది తీశాను. సగటు కడితే మా ధర్మవరం కంటే కిందికి పోయింది. వాటిని తిరిగి చెంబులో వేసి, కలిపి మళ్ళీ తీశాను. ఈసారి పెనుకొండకు దగ్గరగా వచ్చింది.

"సార్, హిందూపురం పిల్లలు ఇప్పుడే మందమతులయ్యారు, ఇప్పుడే మేధావులయ్యారు. పిల్లలు వాళ్ళే. చేతికి దొరికిన చీటీలే వేరు. మరి మా ఊరి పిల్లల సంగతి తొమ్మిదిమందితో ఎట్లా తేల్చారు?"

పండితుడు నవ్వాడు. "ఇది శాస్త్రం కాదమ్మా. ఆడవాళ్ళు చింతపిక్కలాడుకున్నట్టుంది."

హాలంతా గొల్లున నవ్వింది. ఇన్‌స్పెక్టరు కూడా నవ్వి, భోజనాలకు లేవమన్నాడు. చేతులు కడుక్కునే చోట ఒక్కొక్కరే నా పక్కకొచ్చి, అటూ ఇటూ చూసి, "నువ్వు చెప్పిందే నిజమమ్మా" అని గొణిగి పోయారు. నవ్వినవాళ్ళ కన్నా ఈ గొణిగినవాళ్ళే నాకు ఎక్కువ రోత పుట్టించారు. తినకుండానే విస్తరి ముందు నుంచి లేచొచ్చాను.

పెళ్ళిళ్ళ పని ముగిశాక అవే ప్రశ్నలు క్లాసంతటికీ ఇచ్చాను. సగటు హిందూపురం పక్కకొచ్చి చేరింది, అంతకన్నా వింతేమీ లేదు. మా పిల్లలు మేధావులని నేను అనలేదు, అందరి పిల్లల్లాంటి పిల్లలే అన్నాను. ఆ సంగతే పైకి రాసి పంపాను. జవాబు రాలేదు. ఆరో తరగతీ రాలేదు. దాని బదులు, మా పిల్లల బుద్ధికి తగినదని చెప్పి, నేత నేర్పే క్లాసు ఒకటి ఇచ్చారు. పొద్దున లేచింది మొదలు మగ్గం పక్కన గడిపే పిల్లలకు, బడికొస్తే మళ్ళీ మగ్గం.

"ఇంట్లో సేసేదే బడిలో సేసేదానికి బడెందుకమ్మా?" అని ఆ నేతగత్తె కూతుర్ని మాన్పించింది. ఆమెను తప్పుపట్టలేను.

మానేసిన ఆడపిల్లలు ఐదుగురిని సాయంత్రాలు మా ఇంట్లో కూర్చోబెట్టుకున్నాను. ఇద్దరికి పెళ్ళిళ్ళయ్యాయి, ఒకతె మానేసింది, ఒకతె పరీక్ష తప్పింది. నోటిలెక్కల పిల్ల మాత్రం ఎనిమిదో తరగతి పరీక్ష ప్రైవేటుగా రాసి ప్యాసయింది. వీధంతా సంబరపడింది. "ఆ సారు మొగాన కొట్టినట్టాయ గదమ్మా!" అన్నారు. ఆ పిల్ల ప్యాసయినందుకు నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కానీ ఆ మాట మాత్రం నచ్చలేదు. ఒక్క పిల్ల గెలిస్తే వీధికంతా తెలివి ఉన్నట్టు తేలదు. ఒక్కడి చెయ్యి వణికితే వీధికంతా లేనట్టూ తేలదు. ఇది నా వాళ్ళకే చెప్పలేక నోరు మూసుకున్నాను.

స్వరాజ్యం వచ్చాక హిందూపురంలో ఒక సభ జరిగింది. వేదిక మీద అదే పండితుడు. జుట్టు నెరిసింది, గొంతు మాత్రం తగ్గలేదు. తాను సిఫారసు చేసిన చేతిపని క్లాసులు పిల్లల మెదళ్ళను ఎట్లా పదును పెట్టాయో చెప్పాడు. "ధర్మవరంలో ఒక నేతగాడి కూతురు ఎనిమిదో తరగతి ప్యాసయింది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?" అన్నాడు.

నేను ముందువరసలోనే ఉన్నాను. లేచాను. "సార్, ఆ పిల్ల ఆ క్లాసులో ఒక్క పూట కూడా కూర్చోలేదు. ఆ క్లాసు వచ్చిందనే బడి మానేసింది."

ఆయన కళ్ళద్దాలు తీసి నన్ను చూశాడు. గుర్తుపట్టలేదు. ఎంతో ఓపికగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు:

"అమ్మా, ఎవరో ఒకరి సంగతి పట్టుకుని శాస్త్రాన్ని తప్పుపట్టకూడదు."

సభ చప్పట్లు కొట్టింది. నేను కుర్చీలు తోసుకుంటూ బయటికి వచ్చి, రోడ్డు పక్కన కాండ్రించి ఉమ్మేశాను. ధర్మవరం బండికి ఇంకా చాలా సేపు ఉంది. లోపలికి మాత్రం పోలేదు, స్టేషను దాకా ఎండలో నడుచుకుంటూ పోయాను.